ఖాళీ వీపు

నోయెమికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పాప ఏడ్చినప్పుడు తనకి వినబడకపోవడం. జబ్బులూ, కొండ మీది ఎల్ ఆల్తో ఊరి చలీ, మొగుడి కోపమూ అన్నీ దాని తర్వాతే. జావ గుండిగ తోముతున్నా ఒక చెవి పాప దగ్గరే ఉంటుంది. నీళ్ల చప్పుడులో ఏడుపు కలిసిపోతుందేమోనని కొళాయి సన్నగా తిప్పుకుంటుంది. "ఆ ధారతో తోమావంటే క్రిస్మస్‌ దాకా తోముతూనే ఉంటావు" అంటుంది అత్త సతుర్నినా. స్నానానికి వెళితే గడియ వెయ్యదు. నిద్రలో కూడా పాప ఊపిరి వింటూ ఉంటుంది, అది కాస్త నెమ్మదిస్తే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. చూసి, ఆ చూడటం వల్ల పాప లేచి ఏడిస్తే, మొగుడు వాల్తేర్‌ దుప్పటి ముసుగులోంచి "బాగా పడుకున్న పిల్లని లేపే తల్లిని నిన్నే చూశాను" అంటాడు.

తెల్లవారకముందే అత్తాకోడళ్లు గుండిగలు మోసుకుని సంత మూలకి చేరతారు. ఊదారంగు మొక్కజొన్న నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్కా లవంగాలూ వేసి కాచిన చిక్కటి జావ, దానితోపాటు జున్ను పెట్టి నూనెలో వేయించిన పొంగు రొట్టెలు. పనులకి పోయేవాళ్లు చలిలో నిలబడే తాగి వెళ్తారు. నానబెట్టేది నోయెమి. రుబ్బేది నోయెమి. పాపని వీపున కట్టుకుని మరిగే నూనె ముందు నిలబడేదీ నోయెమీనే, నూనె చిట్లినప్పుడల్లా పాప మీద పడకుండా పక్కకి తిరుగుతూ. అయినా ఎవరైనా అడిగితే వాల్తేర్‌ "మా ఆవిడకి పనేం లేదు, ఇంట్లోనే ఉంటుంది. మా అమ్మకి కాస్త సాయం" అంటాడు. మినీబస్సు తోలే మనిషి, రోజంతా కొండ దిగడం, కొండ ఎక్కడం. ఆయన చేసేది పని. ఈవిడ చేసేది కాస్త సాయం.

నోయెమి చిన్నప్పుడూ అంతే. వాళ్లమ్మకి కవలలు పుట్టినప్పుడు "వీళ్లు నిలబడి నడిచేదాకా కాస్త సాయం చెయ్యవే" అని బడి మాన్పించారు. కవలలు నిలబడ్డారు, నడిచారు, బడికి కూడా వెళ్లారు. నోయెమి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. తొమ్మిదో తరగతి పుస్తకాల సంచి ఆ తర్వాత ఉల్లిపాయలు పోసుకోవడానికి పనికొచ్చింది.

సంత పక్కన మేడ మీద చిన్న గ్రంథాలయం ఉంది. చలి పట్టలేని రోజుల్లో వ్యాపారం అయ్యాక పాపని తీసుకుని అక్కడికెళ్లి కూచునేది, అక్కడ హీటర్‌ ఉంటుందని. పుస్తకంలో బొమ్మలు చూపిస్తూ, రాసి ఉన్న కథ కాక తన సొంత కథ చెప్పేది. రాసి ఉన్న దాంట్లో తల్లులు ఎప్పుడూ తెల్లటి ఏప్రన్‌ కట్టుకుని నవ్వుతుండేవారు. నోయెమి చెప్పే కథల్లో తల్లులకి చేతులు కాలేవి, కోపం వచ్చేది, మినీబస్సు తప్పిపోయేది. గ్రంథాలయం చూసుకునే హిమేనా గారు బల్ల వెనక నుంచి అవన్నీ వింటూ ఉండేది. ఒకరోజు దగ్గరికి వచ్చి, పిల్లల పుస్తకాలు రాసేవాళ్లకి సరస్సు ఒడ్డున శని, ఆదివారాలు ఒక శిబిరం పెడుతున్నామనీ, నువ్వూ రావాలనీ చెప్పింది. ఆదివారం పొద్దున అందరూ తమ కథ చదువుతారనీ, నచ్చినవి గ్రంథాలయం బొమ్మలతో అచ్చు వేస్తుందనీ కూడా చెప్పింది.

"నేను రాయలేదండీ ఎప్పుడూ. చెప్పడమే."

"చెప్పిందే రాయి. ఒక్కటే ఇబ్బంది, నోయెమీ." హిమేనా గారు కాస్త సిగ్గుపడింది. "పిల్లల్ని తీసుకురాకూడదట. శిబిరానికి ఇల్లిచ్చినవాళ్ల షరతు, నీళ్లు పక్కనే కదా అని."

పిల్లల పుస్తకాల కోసం పిల్లలు లేని చోటు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. నవ్వాక నోయెమి పాపని ఒళ్లోకి లాక్కుంది.

ఇంట్లో ఆ మాట ఎత్తడానికి వారం పట్టింది. వాల్తేర్‌ చారు తాగుతూ చెంచా ఆపి చూశాడు. "పిల్లని వదిలేసి పిల్లల కథలా? బావుంది. వంట చెయ్యకుండా వంటల పుస్తకం కూడా రాయి." వాళ్లమ్మ వైపు తిరిగాడు, నవ్వు కలుస్తుందేమోనని. సతుర్నినా నవ్వలేదు. ఎండు బంగాళాదుంపల తొక్క గిల్లుతూ కూచుంది. తలెత్తకుండానే "శనివారం గుండిగలు ఎవరు మోస్తారు?" అంది. అంతే అంది. అది వద్దనడమో, అడగడమో నోయెమికి అర్థం కాలేదు. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అత్త మాటల్లో ఏది తిట్టో ఏది మామూలో తేల్చుకోలేక సగం బతుకు అయిపోయింది.

శుక్రవారం పొద్దున, గుండిగలు దించుకుంటూ, సతుర్నినా తనంతట తనే "నీది ఒంటికి తొడుక్కున్న స్వెట్టర్‌ ఒకటి వదిలిపెట్టు. వాసన ఉంటే పడుకుంటుంది" అంది.

శనివారం చీకటితో లేచింది నోయెమి. పాప ఆబీగైల్‌ బోర్లా పడుకుని ఉంది, ఒక కాలు దుప్పటి బయట. ముద్దు పెట్టుకుంటే లేస్తుంది, లేస్తే తను వెళ్లదు. ఆ కాలు కూడా లోపలికి తొయ్యకుండా, చూడనట్టే బట్టలు సర్దుకుని, పాపని కట్టుకునే రంగుల నేత గుడ్డని అలవాటుగా వీపుకి చుట్టుకుని ముడేసుకుని బయటపడింది. బస్సెక్కి కూచుని వెనక్కి వాలబోయి ఆగింది. ఎప్పుడూ వెనక్కి వాలకూడదు, పాప నలిగిపోతుంది. వీపున ఎవరూ లేరు కదా అని గుర్తొచ్చాక కూడా దారంతా నిటారుగానే కూచుంది.

సరస్సు ఒడ్డు ఇల్లు పాతది, పెద్ద పెద్ద కిటికీలు. గదిలో తోడు గ్రిసెల్‌ అనే పళ్ల డాక్టరు. ఆవిడ రాసే కథలన్నిట్లో ఎవరో ఒకరు పళ్లు తోముకోరు, తర్వాత ఏడుస్తారు. "నాకు తెలుసమ్మా, మా అబ్బాయే చెప్పాడు, అమ్మా నీ కథ వింటే పన్ను నొప్పెడుతోందని" అంటూ పగలబడి నవ్వింది. నోయెమికి ఆవిడ నచ్చింది. శిబిరం నడిపేది ఎఫ్రాయిన్‌ గారు, చాలా పుస్తకాలు రాసిన మనిషి, మెత్తటి గొంతు. అందరితోపాటు నోయెమి చెయ్యి కూడా కలిపి, "నీకు చంటిపాప ఉందట కదా, ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాడు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న అడగనివాళ్లు లేరు. టీ ఇచ్చినావిడ అడిగింది, తలుపు తీసినాయన అడిగాడు. "మా అత్తమ్మ" అని చెప్పింది ప్రతిసారీ, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. భోజనాల దగ్గర తెలిసింది, ఎఫ్రాయిన్‌ గారికి నలుగురు పిల్లలట. వాళ్లని ఎవరు చూసుకుంటున్నారని ఆయన్నెవరూ అడగలేదు. ఆయనకీ ఎవరైనా అడుగుతారేమో అన్న జంకు లేదు. హాయిగా రెండోసారి చేప వడ్డించుకున్నాడు.

ఇక ఒళ్లు. దాన్ని సర్ది రావడానికి కుదరదు కదా. పాప పాలు తాగే వేళకి రొమ్ములు రాళ్లయిపోయాయి. ఎఫ్రాయిన్‌ గారు కథకి ఆరంభం ఎలా ఉండాలో చెబుతుండగా రవిక ముందు రెండు తడి మచ్చలు పాకాయి. నోయెమి చేతులు కట్టుకుంది. మచ్చలు చేతుల్ని దాటి పెద్దవయ్యాయి. పక్కన గ్రిసెల్‌ తన శాలువా తీసి కప్పి, బల్ల మీది కాగితం చూస్తూ, "స్నానాలగదిలో వేణ్ణీళ్లున్నాయి. పిండేసిరా, లేకపోతే జ్వరమొస్తుంది" అంది గుసగుసగా. తెల్లటి సింకులో పాలు కారిపోతుంటే చూస్తూ నిలబడింది నోయెమి. ఇవి ఎవరి ఆకలివో వాళ్లకి అందక, కొళాయి నీళ్లతో కలిసి సరస్సులోకి పోతాయి. ఏడుద్దామనుకుంది. దానికీ టైము లేదు, తరగతి జరుగుతోంది.

తిరిగొచ్చేసరికి ఎఫ్రాయిన్‌ గారు ఒక పని ఇచ్చాడు. "ఇంట్లో పిల్లలతో రోజూ అనే ఒక్క మాట రాయండి. ఆలోచించకుండా అనేస్తారే, అది. కథ దాంట్లోనే ఉంటుంది." గ్రిసెల్‌ నవ్వుతూ 'తోముకున్నావా' అని రాసింది. నోయెమి కూడా ఆలోచించకుండా రాసింది.

'ఆబీ, పద తల్లీ. మనం వెళ్లిపోతున్నాం. ఇక్కడ ఉండిపోకు, నా వెంట రా.'

ఆ కొండ మీది ఊళ్లలో తల్లులందరూ అనేదే. పసిపిల్లల జీవం ఒంటికి ఇంకా గట్టిగా అతుక్కుని ఉండదు. ఆడుకున్న చోటో, ఉలిక్కిపడ్డ చోటో ఆగిపోతుంది, పిల్ల ఒళ్లు మాత్రం తల్లితో వచ్చేస్తుంది. అందుకే ఏ చోటు వదిలి బయల్దేరినా, పిల్లని వీపున కట్టుకున్నాక, పేరు పెట్టి పిలిచి వెంట రమ్మంటారు. సంతలోంచి వచ్చేటప్పుడు, బస్సు దిగేటప్పుడు, ఆసుపత్రి గుమ్మం దగ్గర. నోయెమి రోజుకి ఎన్నిసార్లు అంటుందో తనకే తెలీదు. ముడి బిగించడం, పిలవడం, అడుగు వెయ్యడం. మూడూ కలిసి ఒకటే పని.

రాసిన మాట మళ్లీ చదువుకుంది. చేతిలో పెన్ను ఆగిపోయింది.

పొద్దున గుమ్మంలో తను ముడి బిగించుకుంది. గుడ్డ ఖాళీగానే ఉంది. ముడి బిగించుకున్నాక నోరు తనంతట తనే అనేసింది. 'ఆబీ, పద తల్లీ.' వీధిలోకి అడుగు పెడుతూ, చీకట్లో, స్పష్టంగా అంది. 'నా వెంట రా.' పాప ఒళ్లు లోపల దుప్పట్లో ఉంది. పిలుపు విన్నది మాత్రం వచ్చేసి ఉంటుంది. అందుకేనా దారంతా వెనక్కి వాలలేకపోయింది?

"ఏమైందమ్మా, తెల్లబోయావు?" అంది గ్రిసెల్‌.

చెప్పేలోపలే ఫోన్‌ మోగింది. వాల్తేర్‌. "ఏమే, కథలు బాగా సాగుతున్నాయా? ఇక్కడ నీ కూతురు పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు ముట్టలేదు. ఏడవడం కూడా లేదు. గుడ్డపేలికలా పడి గుమ్మం వైపే చూస్తోంది. చీకటి పడకముందు బస్సుంది కదా, ఎక్కి రా." ఏడిచిందని చెప్పినా తట్టుకునేదేమో. ఏడవడం లేదన్నాడు. వినబడకపోవడమే తన భయం అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ, వినడానికి అసలేమీ లేకపోవడం ఒకటుంటుందని తోచలేదు.

సంచీ సర్దింది. హిమేనా గారు వెనకే వచ్చి నిలబడింది. వెళ్లు అనలేదు, ఉండు అనలేదు. "నీ చోటు అలాగే ఉంచుతాను" అంది. ఎప్పటిదాకా అని నోయెమి అడగలేదు. రేపు పొద్దున్నే కథ చదవాలి. ఇప్పుడు వెళితే మళ్లీ రావడం ఉండదు, అది ఇద్దరికీ తెలుసు. తొమ్మిదో తరగతి నుంచి వచ్చేసిన రోజు టీచరమ్మ కూడా చోటు ఉంచుతాననే అంది.

గ్రిసెల్‌ మాత్రం "ఒక్కసారి మీ అత్తగారితో మాట్లాడి వెళ్లు. మొగవాళ్లు చెప్పే లక్షణాల్ని నేను నమ్మను, పన్ను నొప్పికే చచ్చిపోతున్నామంటారు" అంది.

అత్తకి చేసింది. సతుర్నినా ఫోన్‌లో అరిచి మాట్లాడుతుంది, అవతలి మనిషి దూరాన్నిబట్టి.

"జ్వరం ఉందా అత్తమ్మా?"

"లేదు. ఒళ్లు చల్లగానే ఉంది. వాంతులూ విరేచనాలూ లేవు. అది ఇక్కడ లేదు, అంతే." గొంతు తగ్గించి, "అమ్మాయ్, వెళ్లేటప్పుడు పిలిచావు కదూ?" అంది.

నోయెమి గోడకి ఆనుకుంది. ఇక తిట్లు పడతాయి. తల్లివేనా నువ్వు, పుస్తకాల పిచ్చితో పిల్ల ప్రాణం పట్టుకుపోయావు, అన్నీ తనే తనకి అనేసుకుంది, అత్త అనేలోపల.

"పిలిచాను. అలవాటుగా అనేశాను. వచ్చేస్తున్నానత్తమ్మా, బస్సు ఉంది."

"రాకు."

"ఏంటి?"

"చెవుడా? రాకు అన్నాను. నువ్వొస్తే అది నేర్చుకోదు, నువ్వూ నేర్చుకోవు. పిలవడం వచ్చు నీకు. పంపడం రాదు. నాకూ రాలేదు." అటువైపు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు. "ఈ వాల్తేర్‌ని ఊళ్లో మా అమ్మ దగ్గర వదిలి, పట్నంలో పరాయివాళ్ల ఇంట్లో వాళ్ల పిల్లల్ని పెంచడానికి దిగొచ్చాను. వీడి పేరు పెట్టి ఏడ్చుకుంటూ వచ్చాను దారి పొడుగునా. నా వెంటే వచ్చేశాడు వెధవ. ఇప్పటికీ కుదురు లేదు. మినీబస్సు ఎందుకు తోలుతున్నాడనుకున్నావు, రోజంతా పైకీ కిందకీ?"

వెనక నుంచి వాల్తేర్‌ గొంతు: "అమ్మా, ఎవరితో నా గురించి?"

"నీ గురించి కాదులే, బస్సు గురించి. వెళ్లి పొయ్యి మీద మూత తియ్యి, పొంగుతోంది." మళ్లీ ఫోన్లో: "దాని గుడ్డ తెచ్చుకున్నావా? విను. నీళ్ల దగ్గరికి వెళ్లు. ఇంటి వైపు తిరుగు. గుడ్డ విప్పి విదిలించి పొమ్మని చెప్పు. కఠినంగా కాదు, బడికి పంపినట్టు. నేనిక్కడ గుమ్మంలో దాని టోపీలో పంచదార పోసుకుని పిలుస్తాను, తీపికి ఎక్కడా ఆగకుండా వస్తుంది. ఫోన్‌ పెట్టెయ్యకు."

నోయెమి ఒడ్డుకి నడిచింది. గాలికి తుంగ వంగి లేస్తోంది. ఎద మీది ముడి పట్టుకుని ఆగింది. ఆ ముడిని వందలసార్లు విప్పింది, పాపని దింపడానికి. పంపడానికి ఎప్పుడూ విప్పలేదు. ఫోన్‌ మెడ కింద నొక్కి పెట్టుకుని, గుడ్డ విప్పి, ఇంటి వైపున్న కొండ దిక్కుకి విదిలించింది. నోరు తెరిస్తే మళ్లీ అదే వచ్చింది. 'ఆబీ, పద తల్లీ, నా...' ఆపేసింది.

"ఏం, వినబడట్లేదు!" అరిచింది సతుర్నినా.

"ఆబీ... వెళ్లు తల్లీ. నానమ్మ దగ్గరికి వెళ్లు. నేను ఇక్కడ ఒక పని మీద ఉన్నాను." పని అనే మాట తన నోట్లోంచి వచ్చినప్పుడు తనకే కొత్తగా వినబడింది. "సాయం కాదు. పని. రేపు చేసుకుని వస్తాను. నువ్వు వెళ్లి అన్నం తిను."

ఫోన్‌లో అత్త గొంతు, దూరం జరిగి, వీధిలోకి, ఎవరు విన్నా సరేనన్నట్టు: "ఆబీగైల్‌! రా, ఇంటికి రా! ఇదిగో నీ టోపీ! ఆబీగైల్‌!"

ఒడ్డున గుడ్డ పట్టుకుని, ఆ పిలుపు వింటూ నిలబడింది నోయెమి. పాప కోసం అంత గట్టిగా పిలిచే గొంతు తనది కాకుండా ఇంకొకటి ఉందని ఆ క్షణం దాకా తెలీదు.

పాప జీవమే వెళ్లిందో, ఫోన్‌లో అమ్మ గొంతు విని కుదుటపడిందో, గ్రిసెల్‌ అన్నట్టు ఆకలి దానంతట అదే వచ్చిందో, ఎవరు చెప్పగలరు? చీకటి పడే వేళకి వాల్తేర్‌ ఒక ఫోటో పంపాడు. పాప మూతి నిండా ఊదారంగు జావ, తల మీద పంచదార అంటిన టోపీ. కింద ఒక్క మాట కూడా రాయలేదు. బస్సు వెళ్లిపోయింది. నోయెమి సంచీ విప్పుకుని, కిటికీ దగ్గర బల్ల లాక్కుని కూచుంది.

ఆదివారం పొద్దున చదివింది. చేతిరాత బాగోలేదు, రెండుచోట్ల తనకే అందక ఆగి, నవ్వి, మళ్లీ చదివింది. ఒక అమ్మ పొరపాటున పాప జీవాన్ని వీపున వేసుకుని ఊరెళ్లిపోతుంది, అది బస్సు కిటికీలోంచి అన్నీ చూస్తుంది, చేపలకి పేర్లు పెడుతుంది, చివరికి నానమ్మ పిలుపు పట్టుకుని కొండెక్కి ఇంటికెళుతుంది.  ఎఫ్రాయిన్‌ గారు లేచి బయటికెళ్లి, ఇంటికి ఫోన్‌ చేసి, నలుగురు పిల్లలతోనూ ఒక్కొక్కరితో మాట్లాడి వచ్చాడు. హిమేనా గారు కాగితాలు జాగ్రత్తగా అట్టలో పెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి పాప చేతులు చాచింది, ఎత్తుకున్నాక చొక్కా లాగి పాలు తాగింది, తాగుతూ ఒకసారి కోపంగా కొరికింది. అదీ న్యాయమే. పాప పడుకున్నాక సతుర్నినా రేపటి మొక్కజొన్నలు ఏరుతూ "చదువు, ఏం రాశావో" అంది. ఆవిడకి చదవడం రాదు. నోయెమి చదివి వినిపించింది. వాల్తేర్‌ గుమ్మంలో బూట్లు విప్పుతూ, విప్పడం అయిపోయినా అక్కడే కూచుని విన్నాడు.

"ముసలిదాని గొంతు అంత పెద్దదా?" అంది సతుర్నినా.

"అంతకన్నా పెద్దది."

"ఊఁ." గింజల్లోంచి ఒక రాయి తీసి పారేసింది. "మరి ఆ ముసల్దాన్ని ఎవరు పిలుస్తారు కథలో? తను ఊరొదిలి దిగొచ్చినప్పుడు?"

నోయెమి కాగితం తిప్పి చూసింది, వెనక ఏదైనా రాసి ఉందేమోనన్నట్టు. "ఎవరూ పిలవలేదత్తమ్మా."

"అవును. కరెక్టుగానే రాశావు" అని మొక్కజొన్నల మీద నీళ్లు పోసి మూత పెట్టింది.

నోయెమి ఆ రాత్రే ఒక మాట చెప్పింది, అడిగినట్టు కాదు. ఇకనుంచి శనివారాలు తను గ్రంథాలయంలో కూచుని రాసుకుంటుంది, పాప తనతో ఉంటుంది, గుండిగలు వాల్తేర్‌ మోస్తాడు. వాల్తేర్‌ "నేనా?" అన్నాడు. వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ మూత సరిచేస్తోంది.  మోస్తున్నాడు కూడా, సణుగుతూనే, తెల్లారగట్ల తెచ్చి దించి బస్సుకి పరిగెడతాడు.

అయితే శనివారం పొద్దెక్కాక, వ్యాపారం అయిపోయాక, ఆ మూలన సతుర్నినా ఒక్కతే ఉంటుంది. మిగతా రోజుల్లో ఖాళీ గుండిగలు ఎత్తుకునేటప్పుడు నోయెమి పాప పేరుతోపాటు ఆవిడ పేరు కూడా పిలుస్తుంది. "నోర్ముయ్యవే, జనం నవ్వుతారు" అంటుంది ఆవిడ, అంటూనే వెంట నడుస్తుంది. శనివారాలు మాత్రం ఆ పిలుపు లేదు. గిరాకీలందరూ జావమ్మా అంటారు, సంత సంఘం వాళ్లు చివరి కొట్టు ఆవిడంటారు. నోయెమి మేడ మీద రాసుకుంటూ అప్పుడప్పుడు కిటికీలోంచి చూస్తుంది గానీ సంత రేకులు అడ్డం. అందుకని, మీరెవరైనా శనివారం అటువైపు వెళితే, ఒక గ్లాసు జావ తాగి కాసేపు ఆగండి. ఆవిడ నడుం పట్టుకుని లేచి, గిన్నెలు సర్దుకుని బయల్దేరేటప్పుడు, సతుర్నినా, పద, ఇక్కడ ఉండిపోకు అని ఒక్కసారి పిలవండి. పిలిచి, వెనక్కి తిరిగి చూసిందో లేదో చూసి వెళ్లండి.